తోమిన దీపం

నవంబరు 15, శుక్రవారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక. చోటు: కువైట్, ఫర్వానియాలో మా బిల్డింగు, సిస్టరు గారి ఫ్లాటు. హాజరైనవారు: సిస్టరు గారు, అల్ రాయ్‌లో కార్ల వర్క్‌షాపు చూసుకునే ప్రభుదాసు గారు, ఆయన భార్య, శుక్రవారం క్లాసుకు వచ్చే నర్సులు నలుగురు, ఒక కువైటీ ఇంట్లో వంటా, ముసలావిడ సేవా చూసే సుగుణ, నేను. బల్ల మీదికి వచ్చిన వస్తువులు: జోర్డాను నది నీళ్ళ సీసాలు, ఒలీవ చెక్కతో చేసిన ఒంటె, నెబో కొండ మీద ఏరిన గులకరాయి, మట్టి దీపాలు రెండు.

కరోనాకు ముందటి శీతాకాలంలో నా డైరీలో ఒక పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి రోజూ రాస్తున్నాను. ముందు తేదీ, తర్వాత చోటు, తర్వాత మనుషులు, ఆఖరున సరుకు. సబ్హాన్‌లో స్పేరుపార్టుల గోడౌనుకు స్టోర్‌కీపరుగా బతికినవాడి రాత అంతకంటే వేరుగా ఉండదు. రిటైరై ఇక్కడే మా అమ్మాయి దగ్గర ఉంటున్నా అలవాటు మారలేదు. మొన్న కోనసీమ నుంచి సుగుణ ఫోన్ చేసింది. "సిస్టరు గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయేరండి, బాబాయి గారూ" అని కాసేపు ఏడ్చింది. తర్వాత ఆ దీపం మాట ఎత్తి తనే నవ్వింది. ఫోన్ పెట్టేశాక నేను ఆ ఏడాది డైరీ తీసి ఈ పేజీ దగ్గర ఆగాను.

సిస్టరు గారంటే మఠంలో ఉండే సిస్టరు కాదు. ఆసుపత్రి సిస్టరు. అమలాపురం దగ్గరి మనిషి. పెద్ద ఆసుపత్రిలో వార్డు మొత్తానికి హెడ్డు నర్సు. మా ఎదురు ఫ్లాటు. మాది కడప జిల్లా, మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు. మా ఆవిడకు బీపీ ఉందని తెలిసిన రోజు నుంచి సిస్టరు గారు డ్యూటీ దిగి వస్తూ మా తలుపు తట్టేది. బీపీ చూసి, అంకె చెప్పకుండా ముందు మా ఆవిడను ఏం తిన్నావని అడిగేది. కారం దోసె అని మా ఆవిడ ఒప్పుకునేదాకా యంత్రం సంచిలో పెట్టేది కాదు.

ఆవిడకు ఉన్న ఒకే ఒక్క పిచ్చి బైబిలు దేశాల తవ్వకాలు. పాలస్తీనా, ఇశ్రాయేలు, జోర్డాను, సిరియా, ఇరాకు, ఎక్కడ ఏ మట్టిదిబ్బ తవ్వినా ఆవిడకు కావాలి. గోడ నిండా పటాలు. చర్చి శుక్రవారం ఉదయం అయిపోతుంది కాబట్టి మధ్యాహ్నం తన ఫ్లాటులో క్లాసు పెట్టేది. పేరుకు అది బైబిలు క్లాసు. వినడానికి మాత్రం వార్డులో ఒక షిఫ్టు వాళ్ళు ఇంకో షిఫ్టు వాళ్ళకు కేసు అప్పజెప్పినట్టు ఉండేది. ఫలానా ఊరికి రెండుసార్లు కాలిన గాయాలున్నాయని చెప్పేది. ఫలానా కోటను మొదట చూసిన డాక్టరు తొందరపడ్డాడని చెప్పేది. డాక్టరంటే తవ్వినాయన. జేబులో ఎప్పుడూ పెన్ను టార్చి. రోగి కంట్లోకి కొట్టే ఆ టార్చితోనే పుస్తకంలోని కుండపెంకు బొమ్మను కూడా చూసేది. బొమ్మ మీద టార్చి కొడితే ఏం కనబడుతుందమ్మా అని అడిగాను. అలవాటండి, అంది.

దిబ్బ అంటే ఏమిటో మాకు పూతరేకుతో చెప్పింది. ఊరి నుంచి ఎవరో తెచ్చిన పూతరేకును పళ్ళెంలో పెట్టి, ఇది యెరికో పట్టణం అనుకోండి అని, కత్తితో నిలువుగా కోసి, పొరలు చూపించింది. ఊరు కూలితే ఆ మట్టి మీదే ఇంకో ఊరు కడతారు. అది కూలితే దాని మీద ఇంకోటి. అన్నిటికంటే పైది చిన్నది, అడుగునున్నది పెద్దమ్మ. ఏ వస్తువైనా ఏ పొరలో, ఏ వస్తువు పక్కన దొరికిందో తెలిస్తేనే దానికి వయసు. పొర తెలియని వస్తువు తల్లీదండ్రీ ఎవరో చెప్పలేని బిడ్డ. అంత చెప్పి ఆ యెరికో పట్టణాన్ని అందరికీ పంచిపెట్టింది. నాకు రాజుల కాలం వచ్చింది, బెల్లం బాగా తగిలింది.

మా గోడౌను సంగతి విన్నాక నా మీద ఆవిడకు గౌరవం పెరిగింది. ప్రతి సామానుకూ ఒక అర, అరకు ఒక కార్డు, ఏది ఎక్కడ నుంచి వచ్చి ఎక్కడికి పోయిందో కార్డు చెబుతుందని నేనంటే, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, తవ్వేవాళ్ళు చేసేది కూడా సరిగ్గా అదేనండి అన్నయ్యగారూ, అంది. నలభై ఏళ్ళ కొలువులో నా పనిని ఎవరూ దేనితోనూ పోల్చలేదు. ఆ రాత్రి డైరీలో ఆ మాట రాసుకున్నాను.

ఆవిడ పద్ధతి ఒకటుంది. ఏది వచ్చినా మూడు ప్రశ్నలు. వాళ్ళు చెప్పింది ఏమిటి, నేను చూసింది ఏమిటి, నేను అనుకుంటున్నది ఏమిటి. కడుపునొప్పి అని రోగి చెప్పింది ఒకటి, చెయ్యి పెట్టి చూస్తే తెలిసేది ఒకటి, మనం అనుకునేది ఇంకోటి, మూడూ కలిపేస్తే మనిషి చచ్చిపోతాడనేది. తవ్వకాలకూ అదే లెక్క. అనుకుంటున్నది అన్నచోట చాలాసార్లు "తెలీదు" అనేది. ఆ మాట ఎంత సంతోషంగా అనేదంటే, వినేవాళ్ళకు ఏదో తెలిసినట్టే ఉండేది.

ప్రభుదాసు గారికి ఈ "తెలీదు" గొంతులో ముల్లు. ఆయనది గుంటూరు వైపు. మంచి మనిషి, గట్టి గొంతు, చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. యెరికోలో యెహోషువ కూల్చిన గోడలు దొరికాయా లేదా అని ఒక శుక్రవారం నిలదీశాడు. దొరికాయని మొదట ఒకాయన అన్నాడని, తర్వాత ఇంకొకావిడ వచ్చి కుండపెంకులు చూసి ఆ గోడ అంతకంటే చాలా పాతదని తేల్చిందని, ఇప్పటికీ వాదన నడుస్తోందని సిస్టరు గారు చెప్పింది.

"ఏందండీ, అసలు మీరు నమ్ముతారా, నమ్మరా?" అన్నాడాయన.

"ప్రార్థన చేసేటప్పుడు నేను గోడ గురించి ఆలోచించనండి. గోడ గురించి చదివేటప్పుడు మాత్రం గోడ గురించే ఆలోచిస్తాను" అంది ఆవిడ. తర్వాత, టీలో పంచదార ఒకటా రెండా అని అడిగింది. ప్రభుదాసు గారు రెండన్నాడు. ఆ వాదన ఎప్పుడు వచ్చినా టీ దగ్గరే ఆగేది.

చర్చివాళ్ళు బస్సెక్కి, విమానమెక్కి జోర్డాను యాత్రకు వెళ్ళినప్పుడు ఆవిడా వెళ్ళింది. అందరూ నది దగ్గర సీసాలు నింపుకుంటే, ఆవిడ మదబా అనే ఊళ్ళో ఒక చర్చి నేల మీద చతికిలబడిందట. ఆ నేల మీద రంగురాళ్ళతో పొదిగిన పాతకాలపు పటం ఉంది. ఆ పటంలో నదిలో చేపలున్నాయి. ఉప్పు సముద్రం దాకా వెళ్ళిన చేప ఒకటి, ఆ నీళ్ళలో బతకలేనని వెనక్కి తిరిగి ఈదుతూ ఉంటుంది. సముద్రం మీద పడవలున్నాయి, పడవల్లో మనుషులు లేరు. బొమ్మలు ఉండకూడదని ఒక కాలంలో ఎవరో ఆ మనుషుల రాళ్ళు ఊడదీసి, కలగాపులగం చేసి, మళ్ళీ అక్కడే పొదిగేశారట. ఆ చేప గురించి మాకు ఎన్నిసార్లు చెప్పిందో. చేప అని చెప్పేటప్పుడు చెయ్యి అలా మెల్లగా వెనక్కి తిప్పేది. యాత్ర నుంచి ఆవిడ తెచ్చుకున్నది ఏమీ లేదు. నేల మీద కూర్చున్నందుకు చీరకు పట్టిన దుమ్ము తప్ప.

ఇక్కడే, మన సముద్రంలోనే, ఫైలకా దీవిలో ఇసుక కింద పాత చర్చి పునాది బయటపడిందని తెలిసి పడవెక్కి అదీ చూసి వచ్చింది. ఆ సాయంత్రం మా ఆవిడ బీపీ చూస్తూ, మనం ఇక్కడికి కొత్తగా వచ్చాం అనుకుంటున్నాం కదండీ, మనకంటే ముందే ఇక్కడ ఎవరో సిలువ నిలబెట్టి దణ్ణం పెట్టుకున్నారు, అంది. ఆ దీవిలో ఒక్క పెంకైనా ముట్టుకోలేదని ప్రత్యేకంగా చెప్పింది.

అలాంటి మనిషి ఆ శుక్రవారం, యాత్రల్లో తెచ్చుకున్నవన్నీ తీసుకురండి, ఒకసారి చూద్దాం, అంది. బల్ల మీద తెల్ల దుప్పటి పరిచింది. ప్రభుదాసు గారు బూట్ల డబ్బాలో దూది పరిచి తెచ్చిన దీపాన్ని అందరికంటే ముందు దించాడు. మన ప్రమిదలా అది తెరిచి ఉండదు. అరచేతిలో ఇమిడే, మూత మూసిన చిన్న పాత్ర. నడుమ నూనె పొయ్యడానికి ఒక రంధ్రం, ముక్కు చివర వత్తికి ఒక రంధ్రం. ఒళ్ళంతా మన్ను, ముక్కంతా మసి. జోర్డానులో కొండ దిగువన ఒక ముసలాయన ఒట్టేసి అమ్మాడని, క్రీస్తు నాటిదని, మన్ను తీస్తే విలువ పోతుందన్నాడని ప్రభుదాసు గారు చెప్పాడు. ఎక్కడ దొరికిందన్నాడు, ఏ పొరలో అని సిస్టరు గారు అడిగింది. ఆయన అడగలేదట. "తెలీదు" అని ఆవిడ నవ్వింది. ప్రభుదాసు గారు నవ్వలేదు.

అప్పుడు సుగుణ తన చేతిసంచి విప్పింది. తువ్వాల్లోంచి ఇంకో దీపం వచ్చింది. అదే తీరు, అదే ముక్కు. తేడా ఏమిటంటే ఇది నిగనిగలాడుతోంది. ఎర్రటి కొత్త కుండలా ఉంది, దగ్గరికి వస్తే చింతపండు వాసన వేసింది.

"ఏంటమ్మాయ్ ఇది, తోమావా?" అన్నాడు ప్రభుదాసు గారు.

"ఆయ్, తోమేనండి. చింతపండేసి, పీచేసి బాగా తోమేను. దేవుడి ముందు పెట్టే దీపాన్ని తోమకుండా ఎలాగ తెత్తామండి?"

నర్సుల్లో ఒకమ్మాయి అయ్యో అంది. సిస్టరు గారు నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. పాత వస్తువును కడగకూడదు, రుద్దకూడదు, గోటితో గీకకూడదు అని ఒక వారం పాఠమంతా చెప్పింది ఆవిడే. సుగుణకు శుక్రవారం సెలవు దొరికేదే నెలకోసారి. ఆ పాఠం చెప్పిన వారం ఆ పిల్ల లేదు.

దీపం సంగతి సుగుణ చెప్పింది. తను చేసే ఇంట్లో ముసలి యజమానురాలు ఉంది, ఇక్కడ పనివాళ్ళు ఆవిణ్ణి మామా అంటారు. పదేళ్ళుగా ఆవిడకు స్నానం, అన్నం, మందులు, మాటలు అన్నీ సుగుణే. మామా భర్త బతికున్న రోజుల్లో ఎండాకాలమంతా జోర్డానులో గడిపేవారు. ఆ దీపం అప్పటి నుంచీ అద్దాల బీరువాలో ఉంది. ఈ మధ్య మామాకు మతిమరుపు వచ్చింది. ఒక్కోరోజు కొడుకునే పోల్చుకోదు. రెండు వారాల కిందట, బాగా తెలివిగా ఉన్న పూట, బీరువా తెరిపించి దీపం సుగుణ చేతిలో పెట్టి, ఇది నీ ఈసా కాలంనాటిది, ఖలాస్, ఇక నీది, అందట. ఈసా అంటే యేసు. కొడుకు అప్పుడు ఇంట్లో లేడు. తర్వాత అతనికి చెప్పడానికి సుగుణకు నోరు రాలేదు. ఊరికి మాత్రం ఫోన్ చేసి చెప్పేసింది. వాళ్ళ ఊరి పాస్టరు గారు ఆదివారం చర్చిలో ప్రకటించారు. ప్రభువు కాలంనాటి దీపం మన చర్చికి వస్తోంది అని. దాని కోసం అద్దాల పెట్టె కూడా చేయించారు.

సుగుణ కువైట్ విడిచి పూర్తిగా వెళ్ళిపోతున్నది మర్నాడే. ఉదయం పదకొండింటికి విమానం.

ఆ ఇంట్లో ఒక వాడుక ఉంది. పనివాళ్ళు ఎవరు ఊరికి వెళ్ళినా హాల్లో అందరి ముందూ పెట్టె తెరిచి చూపించాలి. అవమానించడానికి కాదని, రేపు ఒక మాట రాకూడదనేనని కొడుకు అనేవాడట. సుగుణ దీపాన్ని చీరల మధ్యన, కిందికి సర్దాలనుకుంది.

సిస్టరు గారు దీపాన్ని తిప్పి తిప్పి చూసింది. టీ పెడతానని చెప్పి నన్ను వంటగదిలోకి పిలిచింది. స్టవ్ వెలిగించలేదు.

"అన్నయ్యగారూ, ఇది నిజంగా ఆ కాలానిదే అయితే ఈ పిల్ల ఏమౌతుందండీ?"

ఎయిర్‌పోర్టులో సరుకు విడిపించడానికి వెళ్ళివచ్చినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్పాను. పురాతన వస్తువు అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. మెషీన్లో కనబడితే పక్కకు పిలుస్తారు. ఎక్కడిదని అడుగుతారు. మామా ఇచ్చిందని ఈ పిల్ల అంటుంది. కొడుకును అడిగితే నాకు తెలియదంటాడు, అది నిజమే. మామాను అడిగితే ఆ పూట మామాకు సుగుణ ఎవరో గుర్తుండకపోవచ్చు.

"దొంగతనం కిందికి వస్తాది సిస్టరమ్మా. పదేళ్ళ చాకిరీ పోయి జైల్లో కూర్చోవాల్సి ఉంటాది" అన్నాను.

ఆవిడ సింకు అంచు పట్టుకుని నిలబడింది. దీపాన్ని వదిలేసి వెళ్ళమని చెప్పవచ్చు కదా అన్నాను. చెప్పవచ్చు, అప్పుడు ఊళ్ళో ఖాళీ అద్దాల పెట్టె ముందు నిలబడి దీపం ఏదని అడిగేవాళ్ళకు ఏం చెబుతుంది, అమ్ముకుందనుకుంటారు, అంది. తర్వాత చాలా నెమ్మదిగా, జీవితమంతా ప్రతి పెంకూ నిజమైనది కావాలనే కోరుకున్నానండి, మొదటిసారి ఒకటి దొంగది అయితే బాగుండునని అనిపిస్తోంది, అంది.

మేం హాల్లోకి వచ్చేసరికి ప్రభుదాసు గారు సుగుణను మందలిస్తున్నాడు. రెండు వేల ఏళ్ళ మసి అది, ప్రభువు నాటి నూనె కాలిన మసి, ఒక్క చింతపండు ఉండతో కడిగేశావు గదమ్మా, అని. సుగుణ తల వంచుకుని, ఒక్క చేత్తోనే పోయిందండి, నల్లగా నీళ్ళు కారిపోయేయి, మా ఇంట్లో గిన్నెల మసి కంటే తొందరగా పోయింది, అంటోంది.

సిస్టరు గారు అక్కడే ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు. ఎలా పోయింది?"

"కడిగేత్తే పోయిందండి. రంగు పోయినట్టు."

సిస్టరు గారు లోపలికి వెళ్ళి దూది పుల్లలు, గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి, పుండు కట్టు మార్చేటప్పటిలా తువ్వాలు పరిచి కూర్చుంది. పుల్లను దీపం ముక్కులోకి దూర్చి, గుండ్రంగా తిప్పి, బయటికి తీసి, టార్చి వెలుగులో చూసింది. దూదికి ఎర్రటి పొడి తప్ప నలుపు లేదు. ఇంకో పుల్ల, ఇంకా లోపలికి. అదీ అంతే. నిజంగా వెలిగిన దీపమైతే మసి మట్టిలోకి ఇంకిపోతుందని, నూనె లోపలి గోడకు పట్టేస్తుందని, ఎంత తోమినా వత్తి మూతి దగ్గర మచ్చ మిగులుతుందని చెప్పింది. ఈ దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. బయట ఉన్నది ఎవరో పూసిన మసి. పుట్టిన నాడు పూసిన మసి.

"చూసింది ఇది" అంది. "అనుకుంటున్నది చెప్పడానికి ఇంకొకటి కావాలి. ప్రభుదాసు గారూ, మీ దీపం ఒకసారి ఇస్తారా?"

"నా దాని జోలికెందుకండీ?"

"కడగను. అంచు ఒక్కటే, గోరంత మేర."

ఆయన భార్య ఇచ్చెయ్యండి అంది. ఆయన డబ్బా తోశాడు. తోమడం వల్ల సుగుణ దీపం మీద ఒక సంగతి బయటపడింది. పైభాగంలో చుట్టూ ద్రాక్షతీగ నగిషీ ఉంది, అందులో మూడో ఆకు కొస విరిగి, పక్కన చిన్న బొడిపె లేచి ఉంది. సిస్టరు గారు ప్రభుదాసు గారి దీపం మీద అదేచోట తడి దూదితో మెల్లగా అద్దింది. మన్ను కరిగి వచ్చేసింది, జిగురు కలిపిన మన్ను. దాని కింద మూడో ఆకు. కొస విరిగి ఉంది. పక్కన బొడిపె.

టార్చి నా చేతికి ఇచ్చి నన్ను చూడమంది. నేను చూశాను. సబ్హాన్‌లో ఒకే అచ్చులో పోసిన బ్రాకెట్లు వేలకు వేలు లెక్కపెట్టినవాణ్ణి. అచ్చులో పిసరు ఉంటే అన్నిటికీ అదే పిసరు వస్తుంది. రెండూ ఒకే అచ్చువి, ఒకటి జిగురు మన్ను పూసిన కొత్తది కాబట్టి రెండోది కూడా ఈ కాలంనాటిదే అని చెప్పాను. నిజంగా పాతదైతే రేపు ఎయిర్‌పోర్టులో పట్టుకుని జైల్లో వేసేవాళ్ళు, అది తప్పిందని కూడా అన్నాను, నా గొంతులో సంతోషం దాచుకోలేకపోయాను. సిస్టరు గారు కుర్చీలో వెనక్కి వాలి, పైకి చూసి, ఊపిరి వదిలింది. ఒక పురాతన వస్తువు దొంగదని తేలినందుకు దేవుడికి స్తోత్రం చెప్పిన క్లాసు ఇంకెక్కడా ఉండదు. నర్సులు నలుగురూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

ప్రభుదాసు గారు తన దీపాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒట్టేసి మరీ అమ్మాడండీ, అన్నాడు. తర్వాత సుగుణ వైపు తిరిగి, "ఏమ్మాయ్, ఇంటికెళ్ళేలోపు నీ చింతపండు కాస్త నాకూ ఇచ్చి పో" అన్నాడు. ఆయన భార్య నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి వెళ్ళిపోయింది.

నవ్వనిది సుగుణ ఒక్కతే. జైలు తప్పిందని ఆ పిల్లకు ఇంకా పట్టలేదు. అంతకంటే పెద్దది ఏదో తగిలింది.

"అయితే మామా నాకు అబద్ధం చెప్పిందాండీ?"

సిస్టరు గారు లేచి వెళ్ళి ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"మామాకి ఎవరో చెప్పేరు. మామా నమ్మింది. తను నమ్మినవాటిల్లో పెద్దదాన్ని నీకిచ్చింది. చెప్పింది తప్పే. ఇచ్చింది తప్పు కాదు. రెండూ కలిపెయ్యకు."

సుగుణ తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. ఇక కొడుక్కి చూపించనక్కర్లేదు కదండీ, కొత్తదే కదా, అంది. సిస్టరు గారు ఒప్పుకోలేదు. కొత్తదైనా ఆ ఇంటిది, అడిగే తీసుకెళ్ళాలి, చీరల కింద కాదు, అన్నిటికంటే పైన పెట్టు, అంది. అతను వద్దంటే అని సుగుణ భయపడింది. రేపు పొద్దున్న అన్నయ్యగారు కారు తీస్తారు, నేనూ వస్తాను, అంది ఆవిడ. నన్ను అడగలేదు. అడగనక్కర్లేదని ఆవిడకు తెలుసు.

మరుసటి ఉదయం ఏడు గంటలకు వెళ్ళాం. సిస్టరు గారు రాత్రంతా ఆ కొడుక్కి అరబ్బీలో ఏం చెప్పాలో కూడబలుక్కున్నట్టుంది. కారులో పెదవులు కదులుతూనే ఉన్నాయి. హాల్లో మామా చక్రాల కుర్చీలో ఉంది. కొడుకు, యాభై దాటిన పెద్దమనిషి, మమ్మల్ని చూసి సుగుణ చుట్టాలనుకుని ఖహ్వా, వాళ్ళ కాఫీ, తెప్పించాడు. సుగుణ పెట్టె తెరిచింది. దీపం పైనే ఉంది.

అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. సిస్టరు గారు నోరు తెరిచింది, కూడబలుక్కున్నదంతా మరిచిపోయింది. అతను పెద్దగా నవ్వాడు. వాళ్ళ నాన్న జోర్డాను వెళ్ళిన ప్రతిసారీ ఒకే దుకాణంలో వీటిని సంచినిండా తెచ్చేవాడట. ఇంటికి వచ్చిన ప్రతి అతిథికీ మసీహ్ కాలంనాటిది, అంటే క్రీస్తు నాటిది, అని చెప్పి ఇచ్చేవాడట. నాన్నకు తెలుసు, అమ్మ ఒక్కతే నమ్మేది, అని గొంతు తగ్గించి చెప్పాడు. తర్వాత అమ్మ ముందు వంగి, ఇది సుగుణకు నువ్వే ఇచ్చావా అని అడిగాడు.

మామా దీపాన్ని చూసింది, సుగుణను చూసింది.

"దానిదే" అంది మామా అరబ్బీలో. "నూనె పోసుకోమను."

కొడుకు దీపాన్ని పెట్టెలో పెట్టి, మూత వేసి, తనే తాళం వేశాడు. యల్లా, విమానం పోతుంది, అన్నాడు. సుగుణ మామా కాళ్ళు పట్టుకుని ఎంతసేపటికీ లేవలేదు.

ఎయిర్‌పోర్టు దాకా వాళ్ళ కారు వెనకే వెళ్ళాం. లోపలికి పోయేముందు సుగుణ మా ఎదుటే ఊరికి ఫోన్ కలిపింది. స్పీకరు పెట్టింది, ఒంటరిగా చెప్పడానికి ధైర్యం చాలక. దీపం ప్రభువు కాలంనాటిది కాదని, కొత్తదని, మామా ప్రేమగా ఇచ్చిందని చెప్పింది.

"అయితే వెలిగించుకోవచ్చామ్మా?" అన్నారు అటువైపు నుంచి పాస్టరు గారు.

సుగుణ సిస్టరు గారి వైపు చూసింది. ఆవిడ తల ఊపింది.

"వెలిగించుకోవచ్చండి."

"మరింకేంటి, రా. అద్దాల పెట్టెలో పెడితే చూడ్డమే గాని వెలిగించడానికి ఉండదని ఇక్కడ ముసలోళ్ళు గొణుగుతున్నారు."

సుగుణ లోపలికి వెళ్ళి, మెషీను దాటి, అవతల నుంచి చెయ్యి ఊపేదాకా మేం అద్దం దగ్గర నిలబడ్డాం. తిరిగి కారు ఎక్కాక సిస్టరు గారు ఏదైనా చెబుతుందేమోనని ఎదురుచూశాను. తాళం తిప్పి ఇంజను వేసేలోపే ఆవిడ నిద్రపోయింది. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి, నోరు కాస్త తెరుచుకుంది, చెయ్యి సీటు మీద వెల్లకిలా పడి ఉంది. అంత నిశ్చింతగా నిద్రపోయిన మనిషిని నేను చూడలేదు. దజీజ్ దాటి మా వీధిలోకి వచ్చినా లేవలేదు. ఇంటి ముందు ఆపితే మెలకువ వస్తుందని, ఆపకుండా ఇంకో చుట్టు తిప్పాను. ఆ తర్వాత మరో చుట్టు.